గజ్జి అన్న మాట

నా బిడ్డకు ఐదేండ్లు ఉన్నప్పుడు, నిండు ఫంక్షన్‌హాల్ల, మా యారాలు దాన్ని స్టేజీ మీది నుంచి దించేసింది. ఆ సంగతి తెల్వకుంటే ఎన్నో ఏండ్ల తర్వాత నేను చేసిన పని ఎవరికీ సమజ్ కాదు. అందుకే అక్కడి నుంచే చెప్పుకొస్త.

యారాలంటే మా ఆయన అన్న భార్య. నాకంటే ముందు ఆ ఇంటికి కోడలుగ వచ్చింది. మాది మొఘల్‌పురాల గల్లీ లోపల రెండంతస్తుల పాత ఇల్లు. కింద అత్తమ్మ, బావ వాళ్ళు. పైన మేము. వంట మాత్రం కిందనే, అందరికీ కలిపి. అన్నదమ్ములిద్దరూ ఇత్తడి సామాన్ల దుకాణం చూసుకునేటోళ్ళు. ఇంట్ల ఏ కూర వండాలె, ఎవరిని పిలవాలె, ఎవరితోని మాట్లాడుడు బంద్ చెయ్యాలె, అన్నీ యారాలు చెప్పినట్టే. ఆమె గొంతు పెద్దగ ఉండదు. మెల్లగ, ప్రేమగ అన్నట్టే అంటది. వినేటోళ్ళు తలూపుతరు.

బిడ్డకు నెలల పిల్లప్పుడే బుగ్గలు ఎర్రగ కందేటివి. దోగాడే వయసు దాటినంక ఆ ఎరుపు బుగ్గలు విడిచిపెట్టి మోచేతి మడతలకు, మోకాళ్ళ ఎనకకు పోయింది. చలికాలం వచ్చిందంటే ఆ మడతలల్ల తోలు పొడిగ, గరుకుగ అయ్యేది. గోకి గోకి నీరు కారేది. నేను దాని గోర్లు కత్తిరించేదాన్ని, చేతులకు మెత్తటి బట్ట చుట్టేదాన్ని. మా అమ్మ కొబ్బరినూనె రాయమన్నది. అత్తమ్మ వేపాకు నీళ్ళు పొయ్యమన్నది. వేపాకు నీళ్ళు పోస్తే పిల్ల మంటకు కేకలు పెట్టేది.

యారాలు ఒకనాడు వంటింటి గడప దగ్గర నిలబడి చూసి, "గజ్జి లేసింది బిడ్డకు," అన్నది.

అంతే. ఆ పూట నుంచి నా బిడ్డ చాప వేరు, చెంచా వేరు, నీళ్ళ గ్లాసు వేరు. ఆమె పిల్లలు నా బిడ్డ పక్కన కూసుంటే, "ఇటు రాండ్రి," అని మెల్లగ పిలిచేది. గల్లీల పిల్లలు చెవులు రిక్కించి ఉంటరు గదా. కొన్నాళ్ళకు నా బిడ్డ బయటికి పోతే "గజ్జి పాప వచ్చింది" అని ఉరికేటోళ్ళు. అది కూడా వాళ్ళ ఎనక నవ్వుకుంట ఉరికేది. ఆట అనుకున్నది.

మా ఆయనతోని చెప్పిన. "లొల్లి చెయ్యకు," అన్నడు. "వదినకు పిల్లల ఫికర్. గంతే."

యారాలే ఒక ట్యూబు తెచ్చిచ్చింది. "మా చెల్లె తామర దీంతోనే పోయింది. మెడికల్ షాపుల అడిగితే ఇస్తరు." పూసిన. కొద్ది రోజులల్లనే మాయ చేసినట్టు ఎరుపంత పోయింది. ఆమెకు చేతులెత్తి దండం పెడదామన్నంత సంతోషమైంది నాకు. పూసుడు ఆపంగనే రెండింతలై తిరిగొచ్చింది. మల్ల పూసిన. గట్ల పూసుకుంట పోతే, మడతల దగ్గర తోలు ఉల్లిపొరలెక్క పల్చబడి లోపలి సన్నటి నరాలు కనబడుడు షురూ అయింది. అప్పుడు ఆమె, "చూసినవా, మందుకు కూడ లొంగుతలేదు, ముదురు గజ్జి," అన్నది.

ఇగ ఆ ఫంక్షన్ సంగతి. యారాలు పెద్దబిడ్డకు ఓణీల ఫంక్షన్ చేసిండ్రు. చాంద్రాయణగుట్ట దిక్కు పెద్ద హాలు, పూల స్టేజీ, డ్రోన్ కెమెరా. నా బిడ్డకు చిలకపచ్చ లెహెంగా కుట్టిచ్చిన. టైలర్ జాకెట్ చేతులు పొట్టిగ పెట్టిండు. ఎండాకాలం గదా, పిల్లకు హాయిగ ఉంటదని నేను ఏమనలే. అక్కను చూసి మురిసిపోయి అది తనంతల తాను స్టేజీ ఎక్కింది. ఫొటోగ్రాఫర్ పిల్లలందరినీ అక్క చుట్టూ నిలబెడుతున్నడు. నా బిడ్డ అక్క చెయ్యి పట్టుకోని నవ్వుకుంట నిలబడ్డది.

యారాలు ఆ మూల నుంచి వచ్చింది. తన పట్టుచీర కొంగు తీసి నా బిడ్డ మణికట్టుకు చుట్టి, ఆ కొంగు మీది నుంచి పట్టుకున్నది. ఒట్టి చేత్తోని ముట్టలే. "ఫొటోల గజ్జి పిల్ల వద్దు. అందరికీ అంటుకుంటది," అన్నది. మైకు పక్కనే ఉన్నది. ఆ మెల్లటి గొంతు హాలంత వినబడ్డది. మెట్ల మీది నుంచి దించి, కొంగు విప్పుకోని, మల్ల పైకి పోయింది.

అత్తమ్మ గాజులు సర్దుకుంట తల వంచుకున్నది. మా ఆయన, "భోజనాల దగ్గర చూసొస్త," అని పోయిండు. నేను బిడ్డను ఎత్తుకోని బయట పార్కింగుల ఒక కారు నీడకు నిలబడ్డ. అది ఏడ్వలే. నా మొఖం చూసి అడిగింది.

"అమ్మా, గజ్జి అంటే ఏంది?"

నాకు నిజంగనే తెల్వదు. ఇంట్ల అన్నేండ్లు ఆ మాట విన్న గని గజ్జి అంటే ఏందో, తామర అంటే ఏందో, నా బిడ్డకున్నది ఏందో నాకు ఒక్కటీ తెల్వదు. ఆ కారు నీడల నిలబడి ఒక్కటే అనుకున్న. ఇది ఏందో తెల్సుకుంట. తెల్సుకొని, ఈమెను ఇడిచిపెట్ట.

మరుసటి వారమే శాలిబండ దిక్కు ఒక చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీస్కపోయిన. పెద్దామె, ముస్లిం. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడుతది. పిల్లను ఒళ్ళె కూసోబెట్టుకున్నది. ఒట్టి చేతులతోనే దాని మోచెయ్యి మడత తడిమింది. ఆ ఒక్క పనికే నా కండ్లల్ల నీళ్ళొచ్చినయి.

"ఎప్పటి నుంచి?"

"నెలల పిల్లప్పటి సంది."

"ముందల బుగ్గల మీద, తర్వాత మడతలల్ల?"

"అవును మేడం." ఆమెకెట్ల తెల్సు అనుకున్న.

"ఇంట్ల ఇంకెవరికన్న దురద ఉందా? నువ్వు దీని పక్కనే పండుకుంటవ్ గదా, నీకు?"

"లేదు."

"మీ దిక్కు దమ్ము ఆయాసం, పొద్దుగాల లేస్తే తుమ్ములు, గట్ల ఎవరికన్న?"

మా నాయనకు దమ్ము. మా తమ్మునికి లేసింది మొదలు తుమ్ములే. చెప్పిన. ఆమె తలూపి, పిల్ల వేళ్ళ సందులు విప్పి చూసింది. మణికట్లు, చంకలు, బొడ్డు చుట్టూ, తలకాయ, గోర్లు, ఒక్కొక్కటి చూసింది. తర్వాత చిన్న బ్లేడుతోని గరుకు తోలు కొంచెం గీకి గాజుపలక మీద పెట్టి, ఏదో చుక్క వేసి, మైక్రోస్కోపుల చూసింది.

"ఫంగస్ లేదు. ఇది ఎగ్జిమా. పుట్టుకతోనే తోలు పొడిగ ఉంటది, ఊకెనే అలుగుతది. ఎవరికీ అంటుకోదు. పక్కన పండుకున్నా, ఒక్క పళ్ళెంల తిన్నా అంటుకోదు."

"మా ఇంట్ల తామర అంటరు. గజ్జి అంటరు."

ఆమె నవ్వింది. "మీ తెలుగుల అన్నిటికీ తామర. మా దగ్గర అన్నిటికీ ఖుజిలీ. పేరు ఒక్కటే, బీమారీలు వేరే వేరే. అదే లొల్లి."

ఇగ నేను వరుసగ అడుగుడు మొదలుపెట్టిన. ఆమె విసుక్కోకుండ చెప్పింది. ఫంగస్ తామర గుండ్రంగ పెరుగుతదట. అంచు లేచి ఎర్రగ ఉంటది, నడుమ మాత్రం మానినట్టు తేటగ కనబడుతది. ఒక దిక్కు మొదలై పాకుతది, తువ్వాల కలిపి వాడితే అంటుకుంటది. సోరియాసిస్ అయితే మోచేతి లోపలి మడతల కాదు, బయటి బొడిపె మీద, మోకాలి చిప్ప మీద, తలల వస్తది. మందంగ, వెండి పొట్టులెక్క రాలుతది. అది కూడ అంటుకోదు. సబ్బు, గిన్నెల పౌడరు, నకిలీ గాజులు, స్టిక్కర్ బొట్టు పడకపోతే సరిగ్గ అది తగిలిన జాగలనే పొక్కుతది.

"గజ్జి?" అని అడిగిన. నా గొంతు నాకే గట్టిగ వినబడ్డది.

ఆమె కండ్లద్దాల మీది నుంచి చూసింది. "ఎందుకు? ఎవరికన్న ఉందా?"

"లేదు. తెల్సుకోవాలె."

"గజ్జి అంటే తోలు లోపల కంటికి కనబడనంత చిన్న పురుగు. వేళ్ళ సందులల్ల, మణికట్టు మీద, నడుము చుట్టూ, చంకలల్ల సన్నటి పొక్కులు వస్తయి. పగటి కంటే రాత్రి పక్క మీద దురద ఎక్కువ. అన్నిటికంటే పెద్ద గుర్తు, ఇంట్ల ఒక్కరికి ఉండి ఊకోదు. ఒకరి ఎనక ఒకరు అందరూ గోక్కుంటరు. మందు కూడ అందరూ ఒక్కసారే పూసుకోవాలె." కొంచెం ఆగి అన్నది. "చూసి నేను కూడ ఒక్కోసారి పొరపాటు పడుత. అందుకే గీకి చూస్త. నువ్వు ఇంటికి పోయి అందరికీ డాక్టరీ చెయ్యకు."

నేను తెచ్చిన ట్యూబు చూసి చెత్తడబ్బల వేసింది. మూడు మందులు ఒక్క దాంట్ల కలిపి అమ్ముతరట. ఫంగస్ మీద పూస్తే అంచులు చెరిగిపోయి డాక్టరుకే గుర్తుపట్టరాదు, లోపల్లోపల పాకుతది. ఎగ్జిమా మీద నెలల తరబడి పూస్తే తోలు పల్చబడుతది. స్నానం చేయించి ఒంటి తడి ఆరకముందే పూయాల్సిన క్రీమొకటి రాసిచ్చింది. ఎర్రబడ్డ జాగల మీద ఇంకో మందు, తను చెప్పినన్ని రోజులే. ఊలు వద్దు, నూలు బట్టలే తొడగమన్నది. ఆ చలికాలం నా బిడ్డ తెల్లారేదాక నిద్రపోయింది.

ఇంటికొచ్చి డాక్టరమ్మ చెప్పింది యారాలుకు చెప్పిన. ఆమె చిక్కుడుకాయలు తుంచుకుంట విన్నది. "తల్లి మనసు చూసి డాక్టర్లు గట్లనే చెప్తరు," అన్నది. చాప వేరుగనే ఉన్నది. గ్లాసు వేరుగనే ఉన్నది.

ఆ నాటి నుంచి నా కండ్లు ఆమె చేతుల మీదనే. చాయ్ అందిస్తుంటే వేళ్ళ సందులు చూసేదాన్ని. దేవుని ముంగట హారతి పడుతుంటే మణికట్టు చూసేదాన్ని. కావాలె, ఆమెకు రావాలె అని మొక్కుకున్న. దాచిపెట్టుడెందుకు, దేవుని పటం ముంగట నిలబడే మొక్కుకున్న. పండుగకు అందరూ బాగుండాలని అంటుంటే నేను లోపల ఇంకోటి అనుకునేదాన్ని. ఆ కోపం నన్ను పాడుచేసిందని ఎవరన్న అంటే నేను ఒప్పుకోను. నేను పొద్దుగాల లేచి పని చేసుకున్న, బిడ్డను చదివించుకున్న, మంచిగ తిన్న, నవ్విన. కోపం నాతోని పాటు ఇంట్ల ఒక మనిషిలెక్క ఉన్నది. దానికి ఇంత చోటిచ్చిన.

నడుమ ఒకటి జరిగింది. బావ ఎండాకాలం కూడ నిండు చేతుల అంగీ తొడిగేటోడు. ఒకనాడు కొళాయి దగ్గర అంగీ మడిస్తే మోచేతి బొడిపెల మీద మందంగ తెల్లటి పొట్టు కనబడ్డది. చూడంగనే డాక్టరమ్మ మాట యాదికొచ్చింది. యారాలు ఇంట్ల అందరికీ, "ఆయనకు చలికి పగులుతది," అని చెప్పింది. నా బిడ్డది గజ్జి, ఆమె పెనిమిటిది చలి! ఆ మాట పట్టుకోని నలుగురిల ఆమెను నిలబెట్టొచ్చు. నిలబెట్టలే. బావ నన్ను, నా బిడ్డను ఒక్క మాట అన్న మనిషి కాదు. మెల్లగ, "బావా, ఒకసారి డాక్టరుకు చూపిచ్చుకో. అంటుకునేది కాదంటరు, మందులున్నయి," అని చెప్పిన. ఆయన తల వంచుకోని, "సరేనమ్మా," అన్నడు. పోయిండు. సోరియాసిసే. నా పగ ఆయన మీద కాదు.

తర్వాత బావ వాళ్ళు జల్‌పల్లిల ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నరు. వంటలు వేరైనయి. నా ఇంట్ల నా బిడ్డ గ్లాసు ఏదో నా గ్లాసు ఏదో ఎవరికీ తెల్వకుండ అన్నీ ఒక్కతీరు గ్లాసులు కొన్న. బిడ్డ పెరిగింది, ఇంటరుకు వచ్చింది. దాని ఎగ్జిమా పూర్తిగ పోలే. పరీక్షలప్పుడు, చలికాలం లేస్తది. క్రీము బ్యాగుల పెట్టుకోని తిరుగుతది. ఎవరన్న అడిగితే, "ఎగ్జిమా. అంటుకోదు," అని ఆ రెండు మాటలే చెప్పి తన పని చూసుకుంటది.

పోయిన శ్రావణంల యారాలు వరలక్ష్మీ వ్రతానికి పిలిచింది. అప్పటిదాక మాతోనే ఉన్న అత్తమ్మ కొన్ని నెలలుగ వాళ్ళ దగ్గరనే ఉంటున్నది. ఆమెను చూసొద్దామని బిడ్డను తీస్కోని పోయిన. కాలనీ ఆడోళ్ళు మస్తు మంది వచ్చిండ్రు. హాల్ల కింద జంపఖానా పరిచి కూసోబెట్టిండ్రు. నా బిడ్డ ఒకామె పక్కన కూసున్నది. ఆమె జర పక్కకు జరిగి, మంచిగనే, నవ్వుకుంటనే అన్నది.

"ఏమనుకోకు బిడ్డా. కొంచెం దూరం కూసో. మీ పెద్దమ్మ చెప్పింది, ఈళ్ళింట్ల అందరికీ నీ గజ్జే అంటుకొని ఇప్పుడిప్పుడే తగ్గిందట గదా. ముసలమ్మ మీ ఇంటి నుంచి తెచ్చిందట."

నా బిడ్డ లంగా కుచ్చిళ్ళు దగ్గరికి తీస్కోని గోడ దిక్కు జరిగింది. ఎప్పుడూ చేసే పనిలెక్క, చెయ్యి తిరిగినట్టు జరిగింది. అది జరిగిన తీరు నేను చూసిన. కేకలు పెట్టలే. చల్లగ అయిపోయిన. గోడకు ఒరిగి కూసున్న అత్తమ్మను చూసిన. రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్ల ఒకటి పెట్టి రుద్దుతున్నది. యారాలు కొడుకు తలుపు చాటున నిలబడి నడుము గోక్కుంటున్నడు.

అప్పుడు యారాలు పసుపు, కుంకుమ పళ్ళెంతోని వచ్చింది. అందరికీ బొట్టు పెట్టుకుంట, శనగలు చేతుల పోసుకుంట నా దగ్గరికి వచ్చింది. బొట్టు పెట్టనిచ్చిన. తర్వాత ఆమె మణికట్టు పట్టుకున్న. ఒట్టి చేత్తోనే పట్టుకున్న. తిప్పి చూసిన. వేళ్ళ సందులల్ల సన్నటి పొక్కులు, గోకి చెక్కు కట్టిన గీతలు. పసుపు వాటిల్ల ఇంకి ఇంకా మంచిగ కనబడుతున్నయి.

"అక్కా, దురద రాత్రి పక్క మీద ఎక్కువైతదా?"

"ఉక్కపోత గదా," అన్నది. చెయ్యి గుంజుకోబోయింది. ఇడ్వలే.

"ఇంట్ల అందరికీ ఉందా?"

గోడ దగ్గరి నుంచి అత్తమ్మ, పాపం ఏం తెల్వక, "అందరికీ ఉంది బిడ్డా. రాత్రైతే పాణం పోతది," అన్నది.

"ముందల ఎవరికొచ్చింది అత్తమ్మా?"

"మనుమనికే. హాస్టల్ నుంచి వచ్చినప్పటి సంది గోక్కుంటనే ఉన్నడు."

నేను యారాలు మొఖంల చూసుకుంటనే అన్న, అందరికీ వినబడేటట్టు.

"నా బిడ్డకు నెలల పిల్లప్పటి సంది ఉంది. దాని పక్కల నేను పండుకున్న. నాకు రాలే. దాని నాయనకు రాలే. ఒక్క ఇంట్ల అన్నేండ్లు కలిసున్నం, మీకెవ్వరికీ రాలే. ఇప్పుడు జల్‌పల్లికి నడిచొచ్చిందా? నా బిడ్డది ఎగ్జిమా. నీదేందో నేను చెప్ప. దాని పేరు నువ్వే మా ఇంట్ల అందరికీ నేర్పిచ్చినవ్. డాక్టరుకు చూపిచ్చుకో."

చెయ్యి ఇడిచిపెట్టిన. ఇందాక నా బిడ్డను దూరం కూసోమన్నామె కొంగుతోని తన అరచెయ్యి తుడుచుకున్నది. ఇంకొకామె శనగలు కింద పెట్టేసింది. ఒక్కొక్కరు లేచి, "పనుంది వదినా," "పిల్లలు బడి నుంచి వస్తరు," అని చెప్పులేసుకున్నరు. యారాలు పళ్ళెం పట్టుకోని నడుమ నిలబడే ఉన్నది. ఆ మొఖం నేను కడుపునిండ చూసిన.

బయల్దేరుదామని చూస్తే బిడ్డ లేదు. లోపలి అర్రల యారాలు పెద్దబిడ్డతోని మంచం మీద కూసోని ఉన్నది. ఆ పిల్ల ఏడుస్తున్నది. తిరుగు దారిల, ఆటోల, బిడ్డ చెప్పింది. "అక్కకు కూడ మెడ కింద నుంచి మొత్తం ఉంది. ఆఫీసుల చేతులు జేబుల పెట్టుకోని తిరుగుతున్నదట. మన డాక్టరమ్మ సంగతి చెప్పిన."

"నిన్నెవరు చెప్పుమన్నరు?"

"దురదంటే ఏందో నాకు తెల్సు గదమ్మా," అన్నది. ఇగ ఇల్లు చేరేదాక నాతోని మాట్లాడలే.

కొన్ని రోజులకు యారాలు ఒక్కతే మొఘల్‌పురాకు వచ్చింది. గడప బయటనే నిలబడ్డది. చేతులు కొంగు లోపల పెట్టుకున్నది.

"ఆ డాక్టరమ్మ దగ్గరికి నాతోని వస్తవా? నాకు ఒక్కదానికి పోబుద్ధి అయితలేదు."

"ఎందుకక్కా? ఏమైంది?"

"నీకు తెల్సు గదా."

"నాకు తెల్వదు. నేను డాక్టర్ను కాదు. నువ్వే చెప్పు."

ఆమె గల్లీల పోయే కూరగాయల బండి దిక్కు చూసింది. నేను బిడ్డను పిలిచిన. అది పుస్తకం చేతుల పట్టుకోనే వచ్చింది.

"దీని ముంగట చెప్పక్కా. ఏం వచ్చింది నీకు?"

ఆమె నా బిడ్డను చూసింది. కండ్లు నేలకు దించింది. "గజ్జి," అన్నది. ఎప్పటిలెక్కనే మెల్లగ అన్నది. ఈసారి మైకు లేదు, మేం ముగ్గురమే. అయినా నాకు చాలినంత గట్టిగనే వినబడ్డది.

"అమ్మా, ఇంక చాలు," అన్నది బిడ్డ, లోపలికి పోయింది.

నేను చెప్పులేసుకున్న.

డాక్టరమ్మ ఇంకా ముసలిదైంది గని చేతులు అవే. యారాలు చేతిని లైటు కింద పెట్టి, భూతద్దంతోని సన్నటి గీతలెక్కున్న జాగ ఒకటి దొరకబట్టి, సూది మొనతోని కొంచెం తీసి మైక్రోస్కోపుల పెట్టింది. "చూడు," అని యారాలును పిలిచింది. ఆమె చూసి దబ్బున ఎనకకు జరిగింది. నేను కూడ చూసిన. గుండ్రంగ, పొట్టి కాళ్ళతోని ఒకటి కదులుతున్నది. ఇంత చిన్నదా అనుకున్న.

"ఇంట్ల ఉన్నోళ్ళందరూ ఒక్కరోజే, మెడ నుంచి అరికాళ్ళ దాక క్రీము పూసుకోవాలె. దురద లేనోళ్ళు కూడ. తెల్లారి కడుక్కోవాలె. కప్పుకునేటివి, తొడుక్కునేటివి అన్నీ వేడినీళ్ళల్ల ఉతకాలె. వారానికి మల్ల ఒకసారి పూసుకోవాలె. ఒక్కరు తప్పిచ్చుకున్నా మల్ల మొదటికొస్తది."

యారాలు గొంతు సవరించుకున్నది. "మరి... వీళ్ళ పిల్లది?"

"అది వేరే అని నేను ఏనాడో చెప్పిన," అన్నది డాక్టరమ్మ. తర్వాత నా దిక్కు తిరిగింది. జల్‌పల్లి సంగతి యారాలు బిడ్డ ముందే వచ్చి చెప్పిపోయినట్టుంది. "నలుగురిల ఎందుకన్నవ్? గట్లంటే జనం దాచిపెడ్తరు. దాస్తే ఇంకా పాకుతది. పురుగుకు మంచోళ్ళు, చెడ్డోళ్ళు తెల్వదు."

తలూపిన. ఆమె చెప్పింది డాక్టరు మాటగ సరైందే. మీదికేం అనలే గని నేను మారలే. ఆ హాలు, ఆ పళ్ళెం, ఆ మొఖం ఇయ్యాల్టికీ యాదికొస్తే నాకు నిద్ర మంచిగ పడుతది.

బయటికొచ్చి ఇద్దరం ఒక్క ఆటోనే ఎక్కినం. మందుల సంచి ఆమె ఒళ్ళె పెట్టుకున్నది. శాలిబండ మూల మీద ట్రాఫిక్ ఆగింది. బండ్లన్నీ హారన్లు కొడుతున్నయి. ఆమె రోడ్డు దిక్కే చూసుకుంట అడిగింది.

"నన్ను మాఫ్ చేసినవా?"

అడుగుతదని నేను అనుకోలే. అన్నేండ్లల్ల ఆమె నన్ను ఏదన్న అడిగిన జాడ లేదు. అబద్ధం చెప్పొచ్చు, ఆమెకు జర పాణం నిమ్మళమైతది. చెప్పబుద్ధి కాలే.

"లేదక్కా," అన్న.

ఆమె తలూపింది. కోపం చెయ్యలే, ఏడ్వలే. ఆటో కదిలినంక సంచిల నుంచి ట్యూబు తీసి అటు ఇటు తిప్పి చూసింది.

"నా ఈపుకు నాకు చెయ్యి అందదు. నువ్వొచ్చి పూస్తవా?"

"వస్త."

"వారానికి మల్ల పూసుకోవాలన్నది గదా. నేను మర్చిపోత. ఫోన్ చెయ్యి."

"చేస్త," అన్న. చేసిన కూడ.